పదిహేడు ఒకట్లు

ఆ వీధిలో అందరికీ ఆమె టైలరక్క. ఆస్పత్రి నర్సులకు కోట్లు కుట్టి తననూ తమ్ముణ్ణీ పోషించింది. లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసిన తమ్ముడు, చూపు మందగించి ఇంటిపట్టున ఉన్నాక ఒక సంఖ్యను పట్టుకుని కూర్చున్నాడు. వరసగా పదిహేడు ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య అది. అది కాకుండా దాన్ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉందా అన్నదే అతని పట్టుదల.

"ఎవరో ఎప్పుడో తేల్చే ఉంటారు కదయ్యా" అన్నాడు పక్కింటాయన.

"వాళ్ళు తింటే నా కడుపు నిండుతుందా?" అన్నాడు తమ్ముడు. ఆ మొండిఘటానికి ఎదురుచెప్పడం ఎవరి తరమూ కాదు.

అతనికి ఒక కిటుకు తెలుసు. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటే మిగలాలి. అలాంటివాటి పక్కన, చూపు ఇంకా కాస్త ఆనే రోజుల్లోనే ప్రధాన సంఖ్యల పట్టికల పుస్తకంలో చుక్కలు పెట్టుకున్నాడు. అయినా వేలకు వేలు.

రోజూ భోజనాలయ్యాక అక్క కుట్టుమిషన్ పక్కన పుస్తకం తెరిచి ఒక్కో చుక్క సంఖ్య చదివేది. అతను పెద్దపెద్ద అంకెలతో రాసుకుని, తిరిగి చదివి, "అవునా అక్కా?" అనేవాడు. ఆమె పుస్తకంలో చూసి "ఊఁ" అనాలి. తర్వాత ఇద్దరూ అంకెలు కూడి మొత్తం సరిచూసుకునేవారు. అప్పుడు భాగహారం. శేషం మిగిలితే కొట్టివేత. రోజుకు రెండు చొప్పున పదమూడేళ్ళు గడిచాయి.

ఆ తర్వాత అతనికి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు.

"ముందు దీని సంగతి తేలనీ అక్కా. తేలిన రోజే ఆస్పత్రికి వచ్చి మంచమెక్కుతా."

బతిమాలింది, తిట్టింది, పుస్తకం దాచింది. చివరికి తనే తీసిచ్చింది. అలా నాలుగేళ్ళు సాగాక అతను పోయాడు. "మూడేళ్ళ ముందు తెచ్చుంటే..." అన్నాడు డాక్టరు.

అతను పోయిన నెల రోజులకే మొదలైంది. మిట్టమధ్యాహ్నం, మిషన్ చప్పుడు ఆగిన క్షణంలో, వెనక కుర్చీలోంచి తమ్ముడి గొంతు. "ఇరవై లక్షల పదిహేడు వేల ఏడు వందల ఇరవై మూడు. అవునా అక్కా?" రోజూ అదే సంఖ్య. వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీ.

ఓ రోజు ఉండబట్టలేక నోట్‌బుక్కులు తిరగేసింది. ఆ సంఖ్య దొరికింది, కానీ ఉండాల్సిన చోట కాదు. ముందూ వెనకా అన్నీ ఇరవై లక్షల డెబ్బై వేలు దాటినవే. పుస్తకంలో ఆ చుక్క పక్కన ఉన్నది 20,71,723. తమ్ముడు రాసుకున్నది 20,17,723. తారుమారైన అంకెలను కూడినా మొత్తం ఇరవై రెండే.

ఆ రోజు ఆమెకు గుర్తుంది. నర్సుల కోట్లు నలభై సాయంత్రానికల్లా కుట్టి ఇవ్వాలి. సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా "ఊఁ" అనేసింది.

పుస్తకంలోని సంఖ్యతో తనే భాగహారం మొదలుపెట్టింది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఐదు వందల ముప్పై ఆరు కోట్ల ముప్పై రెండు లక్షల ఇరవై రెండు వేల మూడు వందల యాభై ఏడు సార్లు. శేషం సున్నా. మళ్ళీ గుణిస్తే పదిహేడు ఒకట్లూ వరసగా వచ్చి నిలబడ్డాయి. నోట్‌బుక్కులో ఆ పేజీ తేదీ చూసింది. డాక్టరు ఆపరేషన్ అన్నది ఆ మరుసటి వారమే. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు మిషన్ ఆపి కాచుకుని కూర్చుంది. గొంతు వచ్చింది. "అవునా అక్కా?"

పుస్తకం మీద వేలు పెట్టి, చూసి, చెప్పింది. "కాదురా తమ్ముడూ. పదిహేడు కాదు, డెబ్బై ఒకటి. తేలిపోయింది. పద, ఆస్పత్రికి పోదాం."

ఆ తర్వాత గొంతు మళ్ళీ రాలేదు. ఆమె మాత్రం రోజూ ఆ వేళకు మిషన్ ఆపి, పుస్తకం తెరిచి కూర్చుంటుంది.