జమ్మలమడుగు మిద్దె మీద పచ్చి పిజ్జా

ఆ రోజుల్లో మా జమ్మలమడుగులో ఎన్నికలొస్తే పొద్దుగూకకముందే వీధి తలుపులు మూసుకునేవి. నాకు మాత్రం వేరే ధ్యాస. ప్రొద్దుటూరులో ప్రకృతి వైద్య శిబిరానికి పోయి, పొయ్యి వెలిగించకుండా మొలకలతో పిజ్జా చెయ్యడం నేర్చుకొచ్చాను (నేర్చుకున్నాననే అనుకున్నాను). మా చిన్నాయన పార్టీ మనిషి, చక్కెర జబ్బు మనిషి. ఆయన చేత అది తినిపించాలని నా పంతం. "నిప్పు తగలకుండా రొట్టె యాడన్నా అయితాదా పాపా?" అని నవ్వాడాయన. "అయితాది. నువ్వు తింటావు కూడా" అన్నాను.

జొన్నలూ పెసలూ నానబెట్టి, తడిగుడ్డల్లో గుండ్రంగా బిగించి కట్టి, మిద్దె మీద దండేనికి వేలాడదీశాను. మర్నాడు నాటుబాంబుల కోసం వీధంతా సోదా చేస్తూ, దొరికినవాటిని పేలకుండా నీళ్ళలో ముంచేస్తున్న పోలీసుల కంట అవే పడ్డాయి. ఒక కానిస్టేబుల్ సగం మెట్లెక్కి ఆగిపోయాడు.

"అవి ఎవురు కట్టినారు మా?"

"నేనే సార్."

"ముట్టుకోవాకు! బకెట్టు నీళ్ళు తెప్పించు. అన్నీ నానబెట్టాల."

"నిన్ననే నానబెట్టినా సార్. ఇంకా నానబెడితే కుళ్ళిపోతాయి."

ఆయన ఎక్కిన మెట్లన్నీ వెనక్కి దిగాడు. చివరికి ఎస్సై పైకొచ్చాడు. నేనే మూట విప్పి చూపించాను. తెల్లటి మొలకలు. ఆయన పిడికెడు నోట్లో వేసుకుని, "బెల్లం ఏసుకో మా, బాగుంటాది" అని దిగిపోయాడు.

"ఇంక సాలు పాపా, బర్రెకెయ్యి" అని చిన్నమ్మ చేతులు పట్టుకుంది. నేను వింటేగా! ఉప్పూ జీలకర్రా వేసి రుబ్బి, ప్లాస్టిక్ కాగితం మీద పలచగా పరిచి, పైన పాత వాయిలు చీర కప్పి, తిరగేస్తూ ఎండబెట్టాను (మా ఎండకు పొయ్యితో పనేముంది?). మరుసటి సాయంత్రం దాని మీద టమాటా గుజ్జు పూసి, ఉల్లిపాయ ముక్కలు, కొబ్బరి కోరు చల్లి చిన్నాయన ముందు పెట్టాను.

ఆయన కొరికాడు. తెగలేదు. రెండు చేతులా పట్టి లాగితే ఒక ముక్క ఊడింది. నమలడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లో పార్టీ వాళ్ళ జీపు ఆగింది.

"అన్నా, రా! పులివెందులకు పోవాల!"

చిన్నాయన చెయ్యి ఊపాడే గానీ మాట పెగల్లేదు, దవడలు ఆగలేదు.

"ఏందన్నా, పలకవు?"

జీపు హారను వింటేనే వణికిపోయే మా చిన్నమ్మ, ఆ పొద్దు గడపకు అడ్డంగా నిలబడింది. "మీ అన్న తింటాండాడు. రాడు. పోండప్పా."

కాసేపు చూసి వాళ్ళు వెళ్ళిపోయారు. దారిలో ఆ జీపు మీద రాళ్ళు పడ్డాయనీ, ముందు సీట్లో కూచున్నవాడి తల పగిలిందనీ తెల్లవారి తెలిసింది. ముందు సీటు ఎప్పుడూ చిన్నాయనదే. ఆయన నన్ను పిలిచి, "ఇంగోటి ఉందా పాపా?" అన్నాడు.

ఉంది. ఇద్దరం చెరి సగం తిన్నాం. నిజం చెప్పొద్దూ, చెప్పు తోలు నమిలినట్టే ఉంది. అయినా ముఖం చిట్లించకుండా, "శానా బాగుంది కదా చిన్నాయనా" అంటూ కళ్ళనీళ్ళతో మింగింది ఆ మొండి పిల్ల, అదే ఆనాటి నేను. ఇప్పుడు దాని పక్కన కూచుని, వీపు నిమిరి, ఒక గ్లాసు మజ్జిగ చేతికివ్వాలనిపిస్తుంది.