వాలని పాచిక

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని నన్ను అడిగారు. అడిగింది తంజోంగ్ పగార్‌లో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని పాచికల ఆట ఆడుకునే పిల్లలు. పిల్లలంటే ముప్పై దాటినవాళ్లే, నా వయసుకి అందరూ పిల్లల్లాగే కనిపిస్తున్నారు. ఆయన ఉద్యోగం చాలించి సింగపూర్ వదిలి వెళ్తున్నాడట. శాలువా కప్పి, ఒక చిన్న సంచిక వేస్తారట. మూలపడ్డ పాతకాలపు ఆటకు మళ్లీ ప్రాణం పోసిన పెద్దల్లో ఆయన ఒకడట. ఇదంతా ఫోన్లో విని, ఆయన గురించి నా దగ్గర మంచి మాటలేవీ లేవని చెప్పాను. ఉన్నవే రాయమన్నారు. సరే, రాస్తున్నాను. ఆయన, ఆయన అని రాయడం కూడా అలవాటు కొద్దీ చేస్తున్న పనే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు రెఫరీ. భూమి కింద ఒక సొరంగం ఉందనీ, చీకటనీ, ఎడమ పక్క ఒక తలుపుందనీ వాడు చెబుతుంటాడు. మిగతావాళ్లకు తలా ఒక మనిషి ఉంటాడు, ఊహలోని మనిషి. ఆ మనిషి ఏం చేస్తాడో, ఏం మాట్లాడతాడో వాళ్లు చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. రానురానూ ఈ ఆటకు లావుపాటి పుస్తకాలు వచ్చాయి, మనుషులు ఒక పట్టాన చావకుండా సవాలక్ష సదుపాయాలు వచ్చాయి. అది నచ్చనివాళ్లు కొందరు, అమెరికాలోనో ఇంకెక్కడో కూర్చుని, పాత పుస్తకాల దుమ్ము దులిపి, అసలు ఆట ఇదేనని ఇంటర్నెట్‌లో పోట్లాడటం మొదలుపెట్టారు. సన్నటి పుస్తకం, అందరి ముందూ పాచిక, పోయినవాడు పోయినట్టే. ఆ పోట్లాటకు మన వైపు నుంచి నడుం కట్టినవాడు ఈయన.

అప్పట్లో సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాడికి తిరుగులేదు. సెంగ్‌కాంగ్‌లో మేమున్న ఫ్లాట్‌కి నెలనెలా ఒక కొత్త సూట్‌కేసు వచ్చేది, ఒక పాతది ఇంకాస్త పెద్ద జీతం వైపు వెళ్లిపోయేది. ఎవడి ముఖం గుర్తు పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆదివారం ఆట ఒక్కటే నిలకడగా ఉండేది. మా బ్లాక్ కింద, పిల్లర్ల మధ్య ఖాళీ జాగాలో చదరంగం గళ్లున్న రాతి బల్లలుంటాయి. పొద్దున్నే నేను దిగి, హాకర్ సెంటర్లో తిండికి కూర్చునేముందు చేసినట్టే, ఒక టిష్యూ ప్యాకెట్టు బల్ల మీద పెట్టి చోప్ చేసి, అంటే ఇది మా బల్లని గుర్తు పెట్టి వచ్చేవాణ్ని. ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్టు ఉన్న బల్లని ఎవరూ ముట్టుకోరు.

ఆయన జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంట్‌లో గేజీలూ మీటర్లూ చూసే ఇంజనీరు, కరీంనగర్ వైపు మనిషి, మా బల్లకు రెఫరీ. పడమటి చివర నుంచి ఈశాన్యం మూలకు రెండు రైళ్లు మారి వచ్చేవాడు, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా. తన నీళ్ల సీసా తనే తెచ్చుకునేవాడు. మేం కొన్న పల్లీలు తినేవాడు, ఎప్పుడూ పల్లీ కొన్న పాపాన పోలేదు. ఎవడైనా ఒక మాట తప్పుగా చెబితే అక్కడికక్కడే దిద్దేవాడు, చుట్టూ ఎవరున్నారని చూసేవాడు కాదు. కొత్త పద్ధతి ఆటలను పాలడబ్బా ఆటలనేవాడు. వారమంతా బ్లాగులో అదే రాసేవాడు. ఏ దేశంలోనో మంచులో కూర్చున్నవాళ్లు అది చదివి ఆహా అనేవాళ్లు. వాళ్లకేం, ఆయన పక్కన కూర్చుని పల్లీలు పంచుకునే ఖర్మ వాళ్లకు లేదు కదా.

మా నలుగురిలో ఒకమ్మాయి ఉండేది. ఒంగోలు దగ్గర పల్లెటూరు, ఇక్కడ యూనివర్సిటీలో రిసెర్చ్. మొదటి ఆదివారమే నన్ను అన్నయ్యా అంది. ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి అవసరానికి నా నంబరే ఇంట్లోవాళ్లకు ఇచ్చింది. నాకు అక్కచెల్లెళ్లు లేరు, ఆ పిలుపు నాకు ఎంత బాగుండేదో ఎవరికీ చెప్పలేదు. మాతో ఆడే నాలుగోవాడు, మా ఫ్లాట్‌మేట్, అది పసిగట్టి నన్ను ఏడిపించేవాడు.

ఆ అమ్మాయి ఆటలో యువరాణినో మంత్రగత్తెనో ఎంచుకోలేదు. కాగడా పట్టుకుని ముందు నడిచే ఒక ముసలాయన్ని ఎంచుకుంది. ముసలాయన చేతిలో పొడుగాటి కర్ర. ఎక్కడికెళ్లినా నేలనీ గోడనీ ఆ కర్రతో తట్టి చూడందే అడుగు పడనిచ్చేవాడు కాదు. “ఆగండయ్యా ఆగండి, ఏందా తొందర? ముందు కర్ర పెట్టి చూడనీండి” అని ఆ అమ్మాయి గొంతు బొంగురు చేసి అంటుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం. అది వాళ్ల నాన్న గొంతు. వాళ్ల నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కరెంటు తీశామని ఎవరు చెప్పినా నమ్మొద్దని, సొంతంగా చూసుకోందే తీగ ముట్టుకోవద్దని పిల్లలకు కూడా చెప్పేవాడట. ఆ ముసలాయన చలవ వల్ల మేం సొరంగంలో చాలాకాలం బతికి బట్టకట్టాం.

ఒక బుధవారం ఆఫీసులో ఉండగా వాళ్ల బాబాయి నాకు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ల్యాబ్‌లో ఉండి ఫోన్ తియ్యడం లేదు. “నాయన పొద్దున పోయాడు బాబూ. పిల్లకి జెప్పొద్దు. సీరియస్‌గా ఉందని జెప్పి బండెక్కించండి” అన్నాడు. ఇందులో వింతేముంది? మన ఇళ్లల్లో దూరాన ఉన్నవాళ్లకు కబురు ఇలాగే వెళ్తుంది. ఒంటరిగా విమానంలో ఆ బరువు మోసుకుని రావద్దని, ఇంటికొచ్చాక నలుగురూ పట్టుకోవచ్చని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. నేను టికెట్ కొన్నాను, ల్యాబ్‌కి వెళ్లి సీరియస్‌గా ఉందనే చెప్పాను, బ్యాగు సర్దించాను. ట్యాక్సీ ఎక్కేముందు నా మొహంలోకి చూసి, నాన్న ఉన్నాడా అని అడిగింది. ఉన్నారమ్మా, కోలుకుంటారు అన్నాను. ఇవాళ మళ్లీ అదే ట్యాక్సీ దగ్గర నిలబెట్టినా అదే చెబుతాను.

తిరిగి వచ్చాక మొదటి ఆదివారమే ఆటకు దిగింది. మా ఫ్లాట్‌మేటూ నేనూ అలా రాసి ఉందనుకోవాలమ్మా అని ఏదో గొణిగాం. ఆయనొచ్చి, నీళ్ల సీసా బల్ల మీద పెట్టి, “మీ నాయిన సచ్చిపోయిండట గదా. ఎట్ల పోయిండు?” అని అడిగాడు. అలాగే, ఆ మాటల్లోనే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి గుండెపోటని చెప్పింది, ఎలా వచ్చిందో, ఎప్పుడు చూశారో వివరంగా చెప్పింది. ఆయన మీటరు రీడింగ్ విన్నట్టు విన్నాడు.

అప్పటి నుంచి బల్ల దగ్గర ముసలాయన మాటలు ఎక్కువయ్యాయి, ఆ అమ్మాయి సొంత మాటలు తగ్గిపోయాయి. కర్ర పెట్టనీండయ్యా అన్నప్పుడు మేం ఇదివరకట్లా నవ్వలేదు. వాళ్ల నాన్న ఆ కాస్త జాగాలో, ఆ రాతి బల్ల మీద ఇంకా ఉన్నాడు. నాకు ఆ ఆటలో వేరే ఏ ఆశా లేదు, ముసలాయన బతికుంటే చాలనుకున్నాను. దారిలో ప్రమాదం ఉందనిపిస్తే నా మనిషిని ముందుకు తోసేవాణ్ని. అలా నావాళ్లు ఇద్దరు పోయారు, నేనేం బాధపడలేదు.

ఒక ఆదివారం సొరంగంలో గోడకు ఒక గూడు, గూట్లో రాతి పెట్టె కనిపించాయి. ముసలాయన పెట్టెలో చెయ్యి పెడతాడని ఆ అమ్మాయి చెప్పింది. కర్ర పెట్టి చూసిండా అని ఆయన అడిగాడు. లేదంది. మళ్లీ అడిగాడు. లేదంది. లోపల విషపు ముల్లుంది, పాచిక పన్నెండు దాటితే బతుకుతాడు, వెయ్యమన్నాడు. ఆ అమ్మాయి వేసింది. పాచిక దొర్లుకుంటూ నా టిష్యూ ప్యాకెట్టు దాకా వెళ్లి ఆగింది. మూడు.

ఈ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. పాచిక దేనికైనా ఆనుకుని వాలితే అది చెల్లదు, మళ్లీ వెయ్యాలి. ప్యాకెట్టుకి తగిలి వాలింది, మళ్లీ వెయ్యమ్మా అన్నాను. వాలలేదు. బల్ల మీద చదునుగా, నిక్షేపంలా ఉంది. అది నాకూ తెలుసు, నా పక్కనున్న ఫ్లాట్‌మేట్‌కీ తెలుసు. వాడు కూడా అవునవును వాలింది అన్నాడు. గుండె ఉన్న మనిషెవడైనా అక్కడ ఆ మాటే అంటాడు. ఆయన ఒక్కడు సరేనంటే అయిపోయేది. ఊహలో ముసలాయన ఇంకో వారం బతికితే ప్లాంట్ పేలిపోదు కదా.

ఆయన లేచి, నడుం వంచి, కన్ను బల్ల ఎత్తుకు తెచ్చి, గేజీ చదివినట్టు చదివాడు.

“వాలలేదు. మూడే పడ్డది. ముసలాయన పోయిండు” అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, కాగడా కింద పడ్డది, చీకటైంది, మీరేం చేస్తరు అని అడిగాడు.

ఆ అమ్మాయి మెల్లగా కళ్లు తుడుచుకుని, ముసలాయన వివరాలు రాసుకున్న కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, వెళ్తానని లేచింది. ఎల్ఆర్‌టీ రైలు స్టేషన్ దాకా వెంట వెళ్లబోతే వద్దంది. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే పని ఎక్కువగా ఉందనేది, కొన్నాళ్లకు తియ్యడమే మానేసింది. నన్ను అన్నయ్యా అనే మనిషి ఈ ఊళ్లో లేకుండా పోయింది. ఆయన మీద అరిచి, బల్ల చోప్ చెయ్యడం మానేశాను. ఆదివారాలు ముగిశాయి.

పుండు మీద కారంలా ఆయన ఆ సంగతి బ్లాగులో రాశాడు. పేర్లు రాయలేదు, అంతవరకే మర్యాద. పాచిక వాలిందని అబద్ధమాడే మంచివాళ్లే ఈ ఆటకు అసలు శత్రువులని తేల్చాడు. పాత ఆట అభిమానులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కొత్తగా రెఫరీ అయ్యేవాడికి చదవమని ఇచ్చేవాళ్లట. జాలిపడి ఆటను తారుమారు చేసేవాణ్ని టిష్యూ ప్యాకెట్టు అనడం కూడా వాళ్లలో మొదలైంది. ఎప్పుడూ చూడని దేశాల్లో, ఎప్పుడూ కలవని జనం నన్ను తలుచుకుని నవ్వుకుంటున్నారు. ఆ లెక్కన ఈ పునరుద్ధరణలో నాకూ ఒక శాలువా రావాలి.

సంచిక పని మీద పిల్లలు రమ్మంటే మొన్న తంజోంగ్ పగార్ వెళ్లాను. గదిలో పెద్ద బల్ల దగ్గర రెఫరీగా కూర్చున్నది ఆ అమ్మాయి. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నన్ను చూసి లేచి, అన్నయ్యా అంది. ఆట అయ్యాక కింద కాఫీ షాపులో కూర్చున్నాం. ఆయన వల్ల ఆటకు దూరమైన నువ్వు మళ్లీ ఎలా వచ్చావని అడిగాను.

దూరం కాలేదంది. ఆ తర్వాతి శనివారం నుంచే జురాంగ్ వైపు, ఆయన కొత్తగా పెట్టిన బల్ల దగ్గర ఆడిందట. ఏళ్ల తరబడి ఆడిందట. రెఫరీ పని ఆయనే నేర్పాడట. మరి ఆ రోజు ఏడ్చుకుంటూ వెళ్లిపోయావు కదా అన్నాను.

“మీవల్లే పోయా అన్నయ్యా” అంది. కోపంగా అనలేదు. “ట్యాక్సీ కాడ మిమ్మల్ని అడిగా. ఉన్నారమ్మా అన్నారు. చెన్నైలో దిగాక కారులో మా అన్న హాస్పిటల్ ఇడ్లీల గురించి మాట్లాడతా వచ్చాడు. మా సందు తిరగంగానే షామియానా కనపడింది. నాన్న పోయాడని నాకు చెప్పింది ఆ షామియానానే, ఒక్క మనిషి కూడా చెప్పలా. మళ్లీ బల్ల కాడ కూడా మీరు అదే పని జేశారు. పోయాడని ఆయన ఒక్కడే మొహం మీద చెప్పాడు. ఆ మాట ఎవరన్నా అంటారా అని అప్పటిదాకా నేను ఎదురుచూస్తా ఉన్నా.”

కర్ర ఎందుకు పెట్టలేదని అడగబోయి ఊరుకున్నాను. మంచికే చేశానమ్మా, ఇప్పుడైనా అదే చేస్తాను అన్నాను. తెలుసు అంది. అందుకే అప్పుడు ఫోన్ తియ్యలేదంది. ఆయన గురించి తిట్టాలనిపిస్తే తిట్టి రాయమని, ప్యాకెట్టు సంగతి మాత్రం దాచొద్దని చెప్పి, నా కాఫీకి కూడా డబ్బు తనే ఇచ్చి, ట్రెయిన్‌కి టైమైందని వెళ్లిపోయింది.

దాచలేదు. ఆయన పిసినారి, పొగరుబోతు, ఎదుటివాడి మనసంటే లెక్కలేని మనిషి. నన్ను ప్రపంచమంతా నవ్వులపాలు చేశాడు. ఇందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను, శాలువా కప్పేటప్పుడు చప్పట్లు కూడా కొట్టను. కానీ ఆ అమ్మాయిని ఆయన నా నుంచి దూరం చేశాడని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఆదివారం మా ఇద్దరిలో ఎవరి బల్ల దగ్గర కూర్చోవాలో ఆ అమ్మాయే తేల్చుకుని లేచింది.