కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

పొదిలి దగ్గర ఒక పల్లె చర్చిలో స్త్రీల కూడికకు నన్ను పిలిచారు. బొమ్మను చూస్తూ మౌనంగా ప్రార్థించడం నేర్పుదామని, హైదరాబాదు నుంచి పెద్ద పటం ఒకటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. తుఫానులో పడవ, అందులో నిద్రపోతున్న యేసు.

ఆడవాళ్ళు మిరప కోతల నుంచి నేరుగా వచ్చారు. పటం గోడకు ఆనించి, "ఈ బొమ్మతో ప్రార్థన చేద్దాం" అన్నాను. అంతే, అందరూ కొంగు నెత్తిన కప్పుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"కళ్ళు తెరవండమ్మా, బొమ్మను చూడాలి" అన్నాను.

పాస్టరమ్మగారు ఒక కన్ను మాత్రం తెరిచి, "ప్రార్థనన్నారు కదండీ. కళ్ళు తెరిచి ఎట్టా చేస్తామండీ?" అని మళ్ళీ మూసుకున్నారు.

బొమ్మలో యేసు కూడా వాళ్ళ పక్షమే.

ముందు వరసలో ఒక ముసలమ్మ గొంతెత్తింది. "ప్రభువా, ఈ అయ్యగారు ఎండలో అంత బరువు మోసుకొచ్చారయ్యా. ఆ పటానికి దెబ్బ తగలకుండా ఇంటికి చేర్చు తండ్రీ." అందరూ బిగ్గరగా "ఆమెన్" అన్నారు. మౌనం సంగతి అంతటితో సరి.

నేను నేర్పబోయిన ప్రార్థన ఎవరికీ పట్టుబడలేదు. ఆవిడది మాత్రం ఫలించింది. తిరుగు బస్సులో కాలు పెట్టే సందు లేకపోయినా, ఎవరూ చూడని ఆ పటం ఒక్క గీతైనా పడకుండా ఇల్లు చేరింది.