రెండు కణుపుల లోతు

తెల్లవారగానే మొక్కలక్క దేవుణ్ణి తలుచుకుని, కుడిచేతి చూపుడు వేలిని కుండీ మట్టిలోకి రెండు కణుపుల లోతు దించేది. తడి తగిలితే ముందుకు కదిలేది, పొడిగా ఉంటే చెంబెడు నీళ్లు పోసేది. నర్సరీలో ఉన్న మూడు వందల కుండీలకూ అంతే. ముప్పై ఏళ్లుగా ఒక్క పొద్దూ తప్పలేదు.

మొక్కలు పెంచడం కొత్త అంటూ ఎవరొచ్చినా ఆమె పూలమొక్కల వైపు పోనిచ్చేది కాదు. "ముందు దీన్ని బతికించు" అని స్నేక్ ప్లాంట్ చేతిలో పెట్టేది. "ఇది ఆకలికి చావదు, అజీర్తికి చస్తుంది. పదిహేను రోజులకోసారి నీళ్లు పొయ్యి. మిగతా రోజులు దాని జోలికి పోకు." వెలుతురు తక్కువ ఇళ్లకు మనీ ప్లాంట్, ఎండ తగిలే కిటికీ ఉంటే కలబంద. ఆమె మాట నమ్మి ఆ వీధుల్లో ఎన్ని గదులు పచ్చబడ్డాయో!

ఆ ఏడు వానలు వెనకబట్టాక మాత్రం అమ్మిన మొక్కలు తిరిగి రావడం మొదలైంది. మూడోది దర్జీ తెచ్చాడు. భార్య పోయాక, ఇంట్లో తనతోపాటు ఇంకో ప్రాణం ఉండాలని కొనుక్కున్న మొక్క అది.

"తీసుకెళ్లి పది రోజులే అక్కా. ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. చూడు, ఆకులు చేతికి ఊడొస్తున్నాయి."

"పొయ్యకుండానే కుళ్లుతుందా? ముద్దెక్కువై చెంబులు గుమ్మరించి ఉంటావు. సూదిలో దారం ఎక్కించే ఓర్పు మొక్క దగ్గర ఏమైంది తమ్ముడూ?"

దర్జీ కుండీని బల్ల మీద పెట్టాడు. "నా చేతిలో ఏదీ నిలవదులే అక్కా" అని వెనుదిరిగాడు.

ఆ మాట ఆమె మనసులో కలుక్కుమంది. అతని మొక్కతో కలిసి నాటిన తోడు కుండీ బల్ల మీదే ఉంది. వేలు దించి చూసింది. పొడే. పొద్దున కూడా పొడిగానే తోచి నీళ్లు పోసింది. మరి అవేమయ్యాయి? అనుమానమొచ్చి కుండీ బోర్లించింది. మట్టి ముద్దగా జారిపడింది. వేర్లు నల్లబడి, గుప్పుమని కుళ్లు వాసన.

మొన్న వేలికి ముల్లు దిగి రక్తం కారుతుంటే కోడలు చెప్పేదాకా తెలియలేదు. జాకెట్టు గుండీలు చేతికి దొరక్క తంటాలు పడుతుంటే, కోడలే అడక్కుండా వచ్చి పెట్టిపోతోంది. కళ్లు మసకేశాయని బుకాయిస్తూ వచ్చింది గానీ, స్పర్శ పోయింది వేలికి. ఈ వేలే లేకపోతే నర్సరీలో తనకేం పని? గుమ్మం పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతారు.

అయినా గేటు దాకా పరుగెత్తింది. "ఆగు తమ్ముడూ! దాన్ని చంపింది నువ్వు కాదు, నేను. నీ చెయ్యి మంచిదే." కోడలి చేత మరో మొక్క ఎంపిక చేయించి ఇచ్చింది. దర్జీ నమ్మీనమ్మనట్టు చూసి, దాన్ని చంటిబిడ్డలా పొదువుకుని వెళ్లాడు.

కోడలు ఒలికిన మట్టి ఎత్తుతోంది. కాపురానికొచ్చి ఏడేళ్లయినా అత్త ఆమెను నీళ్ల చెంబు ముట్టనివ్వలేదు.

"ఏమే..."

"చెప్పండత్తయ్యా."

"రేపు పొద్దున నా వెనకే రా. నేను వేలు పెట్టిన ప్రతి కుండీలో నువ్వూ పెట్టి, తడో పొడో మెల్లగా నా చెవిన వెయ్యి. మీ ఆయనకు నేనే చెప్పుకుంటాను, కొన్నాళ్లు ఆగు. ఈ ఒక్క సాయం చెయ్యమ్మా."