మా బావ తలనొప్పికి లారీ మరమ్మత్తు

మా మేనమామకు ఒక లారీ ఉండేది. అది ముగ్గురు యజమానులను ముంచి, నాలుగో వాణ్ణి వెతుక్కుంటూ మా ఇల్లు చేరింది. దాన్ని స్టార్టు చేస్తే ములుగు అడవిలో పులులు పిల్లల్ని నోట కరుచుకుని మకాం మార్చేవని నేను ఊరంతా చెప్పేవాణ్ణి. పులుల సంగతి నా కల్పన. మా వీధి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయన్నది మాత్రం పచ్చి నిజం, ఆ కోళ్ల తాలూకు ఆడవాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

యుద్ధం రోజులవి. మా మామ మగ్గాల మీద జంపఖానాలు నేయించేవాడు. నేల మీద పరిచే ఆ మందపాటి చారల గుడ్డలను లారీకి ఎత్తి ములుగు వైపు పంపేవాడు, వచ్చేటప్పుడు వెదురు వేసుకుని రమ్మనేవాడు. లారీ నడిపేది ఆయన కొడుకు, నాకు బావ. నేను ఎత్తిన సరుకు మీద కూర్చునేవాణ్ణి. నా ఉద్యోగం పేరు క్లీనరు. ఆ లారీని క్లీను చేయడం గోదావరిని గుడ్డతో తుడవడం లాంటిది కనుక ఆ ప్రయత్నం చేయలేదు.

బావ నోరు ఇంజిన్ కంటే పెద్దది. దారిన పోయే ప్రతి బండివాడితో మేనరికం కలిపేవాడు, ఎద్దులను కూడా వరసపెట్టి పిలిచేవాడు. అలాంటివాడు ఆ చలికాలం మూగబోయాడు. ములుగు వెళ్లి వచ్చిన ప్రతిసారీ తల పట్టుకుని అరుగు మీద కూలబడేవాడు. తిన్నది కక్కేవాడు.

"తలల ఎవడో మగ్గం నేస్తాండు బావా," అన్నాడొకసారి నాతో.

నేతగాళ్ల ఇంట్లో రోగాలు వెయ్యి, మందు ఒకటే: కప్పడం. దగ్గొస్తే కప్పుతాం, జ్వరమొస్తే రెండు కప్పుతాం, మనిషి కనబడకుండా పోతే నయమవుతున్నాడని సంతోషిస్తాం. మా అత్త కొడుకు నుదురు ముట్టి చూసి తీర్పు చెప్పేసింది.

"చలిగాలి చెవుల్ల దూరుతాంది పోరనికి. ఆ బండికి తలుపులు లేకపాయె, అద్దాలు లేకపాయె. మనింట్ల గుడ్డకు కరువా?"

డ్రైవరు కూర్చునే గదికి రెండు పక్కలా జంపఖానాలు కట్టారు. తలనొప్పి పెరిగింది. ఇంకో వరస కట్టారు. వాంతులు పెరిగాయి. అత్త స్వయంగా వచ్చి సందుల్లో నూలు కుక్కింది. పెళ్లికూతురి పల్లకీకి కూడా అంత పరదా ఉండదు. సరుకు మీద గాలికి ఎండి, పళ్లు టకటకలాడుతూ వచ్చే నాకు జలుబైనా చేయలేదు. వెచ్చగా కూర్చున్నవాడు రోజురోజుకూ పాడవుతున్నాడు. ఈ తేడా మా ఇంటిల్లిపాదికీ కనిపించింది. "నీది దున్నపోతు ఒళ్లు అల్లుడా," అని మామ దానికి కారణం కూడా కనిపెట్టాడు.

ఒక పొద్దున ములుగు ఇవతల లారీ మెల్లగా దారి దిగింది. బావ ఎవరితోనో పరాచికాలకు ఆపుతున్నాడనుకున్నాను. అది పొదలు తొక్కుకుంటూ వెళ్లి ఒక పుట్టకు తల ఆనించి ఆగిపోయింది. దూకి పరదా లాగాను. బావ స్టీరింగ్ మీద పడి ఉన్నాడు. ముఖం మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోంది, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టేలా. అంత ఆరోగ్యంగా కనిపించే మనిషి పిలిస్తే పలకకపోవడం నేను అంతకుముందు చూడలేదు. కిందికి దించి, రోడ్డు మీద పడుకోబెట్టి, చెంపలు వాచేలా కొట్టాను. ఎండ నడినెత్తికి వచ్చాక కళ్లు తెరిచాడు.

పరదాలు పీకి అడవిలో పారేసి, లారీని నేనే నడిపాను. నేను నడిపిన తీరు గురించి రాయను, ఆ దారిన బతికి బయటపడినవాళ్లు ఇంకా ఉన్నారు.

బావను దవాఖానలో పెట్టి కొన్నాళ్లకు ఇంటికి పంపించారు. తింటున్నాడు, నడుస్తున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు. కాని మాట అడిగితే జవాబు ఎక్కడో దూరపు మండీ నుంచి ఎడ్లబండి మీద వచ్చినట్టు వచ్చేది. మామ ఆ పుట్ట దగ్గర దయ్యముందని కోడిని కోయడానికి సిద్ధమయ్యాడు. ఈలోగా వంగిన ముందు భాగం సరిచేయమని లారీని స్టేషను దగ్గరి మిస్త్రీకి అప్పగించాం. ఆయన బానెట్ ఎత్తి, మామను చెయ్యి పట్టుకుని లోపలికి వంచాడు.

"సేట్, మీ పోరన్ని పట్టిన దయ్యం ఈడున్నది సూడు. కోడిని ఇడిసిపెట్టు, పాపం."

ఇంజిన్ పక్కన, పొగను బయటికి తీసుకుపోయే ఇనుప గొట్టం అతుక్కునే చోట నల్లటి మసి. పొగ కారకుండా మధ్యన ఉండాల్సిన గాస్కెట్ కాలి బూడిదైంది. దాన్ని బిగించి పట్టుకునే స్టడ్లు, అంటే తల లేని బోల్టులు, సీటు వైపువి విరిగిపోయాయి.

"పొగంత సీటు కిందికెల్లి లోపటికొస్తాంది. అది విషం, తలకెక్కుతది. మీరేమో అది బయటికి పోకుండ బందోబస్తు చేసిన్రు. మస్తు చేసిన్రు."

అత్త అక్కడే ఉంది. ఆ మసిని వేలితో ముట్టి అడిగింది: "నేను కప్పినందుకేనా?"

మిస్త్రీ పానా కింద పెట్టాడు. "సలికి కప్పని తల్లి ఉంటదా అమ్మా?"

"ఇది బాగైతే పోరడు మునుపటోలె అయితడా?"

"ఇంజిన్ దాక నా జిమ్మ. మనిషి సంగతి నాతోని కాదు."

ఆయన చెప్పిందాంట్లో మొదటి ముక్కే మా ఇంటికి వినబడింది. లారీ బాగైతే బావ బాగవుతాడని అందరం తీర్మానించుకున్నాం. అత్త పొద్దున్నే స్నానం చేసి గుడికి పోయినట్టు షెడ్డుకు వచ్చేది.

ఆ స్టడ్లు ఇంజిన్‌ను వదలనన్నాయి. కిరోసిన్ పోసి నానబెట్టాం. మంట పెట్టి ఎర్రగా కాల్చాం. సుత్తితో తట్టాం, బతిమాలాం, తిట్టాం. మామ తిట్టిన తిట్లకు షెడ్డు గోడ సున్నం రాలింది. లోపల విరిగి ఉండిపోయిన ముక్కలకు మిస్త్రీ చేతి డ్రిల్లుతో రంధ్రం వేసి, అందులో పలకల మేకు దిగగొట్టి, మంత్రసాని ఓపికతో తిప్పి తిప్పి బయటికి తీశాడు. డ్రిల్లు తిప్పింది నేను. ఆ రోజుల్లో నన్ను చూస్తే భుజాలు రెండు, మధ్యన మనిషి లేడు.

యుద్ధంలో గాస్కెట్ ఎక్కడ దొరుకుతుంది? పలచటి రాగిరేకు ఉంటే చాలన్నాడు మిస్త్రీ. అత్త ఇంటికి పోయి, నీళ్లు కాచే రాగి గంగాళం తెచ్చింది. ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది, వాడీ వాడీ అడుగు అరిగి రేకైపోయింది.

"దీన్ల వాన్ని నెలల పిల్లగాడున్నప్పుడు కూసోబెట్టి పోసిన నీళ్లు," అంది. "కొయ్యి."

మిస్త్రీ అడుగు కోసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. రాగి గుడ్డలా మెత్తబడింది. దాన్ని రెండు పొరలుగా కత్తిరించి, మధ్య మంటకు కాలని రాతినార అట్ట పెట్టి, కొత్త స్టడ్ల మీదికి ఎక్కించి, నడుమ నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాడు. ఇంజిన్ వేడెక్కించి మళ్లీ బిగించాడు. తరువాత అత్త కొంగుకు అంటుకున్న నూలుపోగు ఒకటి తీసి అతుకు చుట్టూ తిప్పాడు. పొగ ఎక్కడ కారినా పోగు వణుకుతుంది. మేమందరం ఊపిరి బిగబట్టాం, మా ఊపిరికి కదిలినా ప్రమాదమే కదా. పోగు వణకలేదు.

లారీ శబ్దం ఎంత తగ్గిందంటే, మామ దాన్ని ఆగిపోయిందనుకుని తన్నాడు.

"ఎక్కు కొడుకా," అన్నాడు మామ.

బావ ఎక్కాడు. తుడుచుకున్న చేతులు స్టీరింగ్ మీద పడ్డాయి, కాళ్లు వాటి చోట్లు అవి వెతుక్కున్నాయి. గేరు వెన్నలో కత్తిలా పడింది. అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. లారీ షెడ్డు దాటి రోడ్డు మొదట్లో ఆగింది. నేను పక్కన కూర్చున్నాను.

"ఎటు?" అన్నాడు బావ.

"ములుగుకే, ఇంకెటు?" అని కింద నుంచి మామ అరిచాడు.

"ములుగు ఎటు?"

అందరం విరగబడి నవ్వాం. మా బావ పాత నోరు తిరిగి వచ్చిందనుకున్నాం. మిస్త్రీ కూడా నవ్వాడు. బావ కూడా, మేం నవ్వుతున్నాం కాబట్టి నవ్వాడు. తరువాత అతను నా వైపు తిరిగి, ఇంజిన్ అంత మెత్తగా ఆడుతుండగా, గొంతు తగ్గించి మళ్లీ అదే అడిగాడు.

అత్త ఎత్తిన చేతులు ఇంకా దించలేదు.

"కుడికి బావా," అన్నాను.

కుడికి తిప్పాడు. బాగా తిప్పాడు. మరో మలుపు వచ్చింది. అక్కడ అతను వేగం తగ్గించి, నా నోటి వైపు చూశాడు.