తీగలు లేని ట్రిప్పర్

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెద్దాపురంలో హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ప్రతిదానికీ ఓ కారణం ఉంటుందని క్లాసులో గొంతు చించుకుంటాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను. ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం నాకు నోరు పెగలదు.

మా మావయ్యగారికి కరెంటంటే మహా భయం. ఇల్లు కట్టినప్పుడు పట్టుబట్టి బోర్డులో ట్రిప్పర్ పెట్టించారు. దాని పక్కనుండే ఎమ్‌సీబీలు లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోయి వైర్లను కాపాడతాయి. మనిషి ప్రాణం పోవడానికి అంత కరెంటు అక్కర్లేదు. వెళ్ళిన కరెంటు తిరిగి రాకుండా ఎక్కడో కాస్త లీకైతే చాలు, ట్రిప్పర్ రెప్పపాటులో మొత్తం ఆపేస్తుంది.

అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయన దాన్ని నొక్కేవారు. నొక్కేముందు, "టెస్టు! ఎవరూ ఏదీ ముట్టుకోకండర్రా!" అని వీధంతా వినబడేలా అరిచేవారు. టక్కుమని ఇల్లంతా ఆగిపోయేది. పప్పు సగం నలిగి ఉండగా గ్రైండర్ ఆగిపోయిందని అత్తయ్యగారు ఆయన్ని దులిపేసేవారు.

ఆయన పోయాక ఆ బటన్ జోలికి ఎవరమూ వెళ్ళలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకు చుట్టాలు దిగారు. వానల చెమ్మకు, మా పాత గ్రైండర్ వేసినప్పుడల్లా ట్రిప్పర్ పడిపోతోంది. ఇంతమందికి గారెల పిండి ఎలా రుబ్బాలని అత్తయ్యగారు ఒకటే గోల. మావారు ఎలక్ట్రీషియన్ని పిలిచి డైరెక్ట్ చేయించారు. అంటే ట్రిప్పర్‌కున్న తీగలు ఊడదీసి, దాన్ని వదిలేసి, పక్కనుంచి కలిపేయడం. ట్రిప్పర్ బోర్డులో ఊరికే ఉండిపోయింది. జాతర అయ్యాక మళ్ళీ పెట్టించొచ్చులే అనుకున్నాం.

పెరట్లో ఇనప దండెం వెంట మావారు సీరియల్ లైట్లు చుట్టారు. రాత్రంతా వాన. తెల్లారినా మబ్బుగానే ఉందని లైట్లు ఆపలేదు. నేను వంటింట్లో గ్రైండర్ దగ్గరున్నాను. అత్తయ్యగారు ఉత్త కాళ్ళతో, తడి చీర భుజాన వేసుకుని దండెం వైపు వెళ్ళడం కిటికీలోంచి కనబడింది.

టక్. గ్రైండర్ ఆగిపోయింది.

పక్కింట్లో మిక్సీ మోగుతూనే ఉంది. హాల్లోకి వెళ్ళి బోర్డు చూశాను. ఎమ్‌సీబీలన్నీ పైకే ఉన్నాయి. తీగల్లేని ఆ ట్రిప్పర్ లివర్ ఒక్కటే కిందకు పడి ఉంది. ముందురోజు బోర్డు తుడిచింది నేనే. అప్పుడది పైకే ఉంది.

ఎందుకో భయమేసి పెరట్లోకి పరిగెత్తాను. అత్తయ్యగారు దండేనికి జానెడు దూరంలో, చీర పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీ మావయ్యగారు టెస్టన్నారు కదే, ఆగాను," అన్నారు మామూలుగా.

అన్నాక తానేమన్నారో తనకే అర్థమైంది. చేతిలో చీర జారిపోయింది. ఆవిడను లోపలికి లాక్కొచ్చేశాను. ఆ కేక నాకైతే వినబడలేదు. గ్రైండర్ మోతలో వినబడేదీ కాదు.

లోపల మావారు లివర్ ఎత్తారు. కరెంటు వచ్చింది. నా కంగారు చూసి టెస్టర్ తెచ్చి దండేనికి ఆనించారు. ఎర్రగా వెలిగింది. లైట్ల వైరు ఒకచోట ఒరుసుకుపోయి, లోపలి తీగ ఇనుముకు తగులుతోంది. వెంటనే మెయిన్ ఆపేశారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. తను కలిపిన తీగలు బిగువుగానే ఉన్నాయి.

"దీనికి కరెంటే రావట్లేదండి. ఇది పడితే ఇల్లెందుకు ఆగిపోద్దండి?" అని నన్నే అడిగాడు.

జాయింటు ఒక్క క్షణం వదులై ఉంటుందనీ, లివర్ ఎవరి చెయ్యో తగిలి పడి ఉంటుందనీ మావారంటారు. రెండూ సరిగ్గా ఆ క్షణానే జరగాలా అని నేనంటాను. ఆ కేక సంగతి ఆయన అసలు ఎత్తరు.

ట్రిప్పర్‌కు ఆ రోజే తీగలు మళ్ళీ పెట్టించాం. గ్రైండర్ బాగుచేయించాం. ఇప్పుడు ఒకటో తారీఖున బటన్ నొక్కేది అత్తయ్యగారే. వేలు దాని మీద పెట్టి కాసేపు అలాగే నిలబడతారు.

"నొక్కరేంటి అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఉండవే, ముందు ఆయన్ని అననీ," అన్నారు.