చుక్క బిడ్డను ఎత్తుకున్న చేతులు

జంతుప్రదర్శనశాలలో కోతుల ఆవరణ చూసుకునే ఆమెను అక్కడివాళ్ళంతా కోతులక్క అనేవారు. వెక్కిరింపుగా మొదలైన పేరే అయినా, పోనుపోను ఆమెకే అలవాటైపోయి, ఫోనెత్తితే "ఆఁ, కోతులక్కని" అనేది. పొద్దున్నే గొట్టంతో నేల కడగడం, పళ్ళూ దుంపలూ కోసి గిన్నెల్లో వెయ్యడం, ఆ గిన్నెల్ని ఇనప వల కిందున్న సందులోంచి లోపలికి తొయ్యడం ఆమె పని. మనుషుల మధ్య నోట్లో నాలుక లేని మనిషి. కోతులతో మాత్రం పని అయ్యేదాకా మాట్లాడుతూనే ఉండేది.

ఇంట్లో అత్తగారికి కొన్నాళ్ళుగా మతి నిలవడం లేదు. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయేది. లారీ నడిపే కొడుకు ఎప్పుడో ఇంటికొస్తే, "ఎవరబ్బాయ్ నువ్వు?" అని మర్యాదగా అడిగేది. పగటిపూట ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ, కూతురి పురుడని ఊరెళ్ళింది. కోతులక్కకు దారి తోచలేదు. పై అధికారిని బతిమాలుకుని, అత్తగారిని తనతోపాటు పనిలోకి తీసుకువచ్చింది. పళ్ళు కోసే గదికీ ఆవరణకూ మధ్యనున్న నడవాలో కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెట్టింది.

"ఇక్కడే ఉండండి అత్తయ్యా. వల దగ్గరికి మాత్రం వెళ్ళకండి."

"వీళ్ళంతా మనవాళ్ళేనా?" లోపలికి చూస్తూ అడిగింది ముసలామె.

"మనవాళ్ళే. మీ అబ్బాయి వైపు చుట్టాలు," అని నవ్వింది కోడలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చుక్క బిడ్డ చచ్చిపోయింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడకోతి చుక్క. అది బిడ్డను వదల్లేదు. బతికున్నప్పటిలాగే పొట్టకు కరుచుకునేలా పెట్టుకోబోయేది. బిడ్డకు పట్టుకునే శక్తి లేదు కనుక, ఒక చేత్తో అదుముకుని కుంటుతూ నడిచేది. తల వెనక్కి వాలిపోతే సరిచేసేది. అది నీళ్ళకు వెళితే ఇంకో ఆడకోతి వచ్చి బిడ్డను ఒళ్ళోకి తీసుకునేది. అది లేస్తే మరొకటి. ఈగలు తోలేవి, పెదాలు చప్పరిస్తూ బొచ్చు పాయలు తీసి చూసేవి, మళ్ళీ తల్లికి అప్పజెప్పేవి.

గిన్నెల చప్పుడు వింటే అరిచి గీపెట్టే మంద, చీమ చిటుక్కుమన్నా వినబడేంత మౌనంగా ఉంది. కోతులక్క నేల కడుగుతుంటే తలలన్నీ ఒక్కసారే ఆమె వైపు తిరిగేవి. ఆమె ఆగితే అవీ ఆగేవి. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, ఆమెకు వాటి మధ్య ఉండాలంటే భయం వేసింది.

"వాసనొస్తోంది డాక్టరమ్మా," అంది పశువుల డాక్టరుతో.

"తెలుస్తూనే ఉంది. మత్తు సూది వేసి లాక్కోవచ్చు. లేచాక తల్లి ఎలా ఉంటుందో చెప్పలేం. సాయంత్రందాకా చూద్దామక్కా."

మధ్యాహ్నం దుంపలు కోస్తుండగా నడవాలోంచి ఒక శబ్దం వినబడింది. నాలుకను అంగిలికి కొట్టి, పసిపిల్లల్ని పిలిచే టక్‌టక్ శబ్దం. కోతులక్క కత్తి వదిలేసి పరుగెత్తింది.

అత్తగారు కుర్చీలో లేదు. గిన్నెల సందు ముందు నేల మీద చతికిలబడి, ఒడి చాపుకుని కూర్చుంది. వలకు అవతల చుక్క. దాని వెనక మంద మొత్తం, పిల్లలతో సహా, కదలకుండా.

"అత్తయ్యా! కరుస్తుంది, ఇవతలికి రండి!"

"ఉష్. ఇస్తోంది."

సందులోంచి ముందు ఒక చిన్న చెయ్యి వచ్చింది. తర్వాత వాలిన తల. చుక్క తొందరపడకుండా, ఏదీ తగలకుండా బిడ్డను ఇవతలికి తోసింది. ముసలామె దాన్ని శాలువాలో పొదివి పట్టుకుంది. ముక్కైనా చిట్లించలేదు. మెల్లగా ఊపడం మొదలుపెట్టింది. చుక్క వల పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తోంది.

"నాదాన్ని ఇమ్మని కూడా అడగలేదమ్మాయ్. పోయిందని లాక్కుపోయారు. మొహమైనా చూడనివ్వలేదు."

"ఎవర్నత్తయ్యా?"

"మొదటిదాన్ని."

ఆ ఇంట్లో మొదటి బిడ్డ మాట ఎవరి నోటా వినలేదు కోడలు. ఏం చెయ్యాలో తెలియక తానూ నేల మీద కూలబడింది. వెనక నుంచి వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

చాలాసేపటికి ముసలామె శాలువా మడిచి మూట చేసి కోడలి చేతుల్లో పెట్టింది.

"పాలు మానేసింది. ఇంక దీనికి ఆకలెయ్యదు. తీసుకెళ్ళు."

చుక్క అరవలేదు. వల వదిలి, వెనక్కి తిరిగి మందలోకి నడిచింది. ఆడకోతులు చుట్టూ చేరి దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నాయి.

గోదాము వెనక గొయ్యి తవ్వి, కోతులక్కా డాక్టరమ్మా బిడ్డను శాలువాతోనే పూడ్చారు. కోతులక్క అక్కడినుంచే భర్తకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అవతల లారీ ఇంజను మోత ఆగింది.

"అమ్మకి నేనొక్కణ్ణే కదే," అన్నాడు. "అలాగనే చెప్పారు నాకు."

ఆ వారం అతను ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని, "అక్క పేరేంటమ్మా?" అని అడిగాడు. ఆవిడ అతన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూసి, మంచినీళ్ళు కావాలా అంది. మళ్ళీ ఎన్నిసార్లడిగినా అంతే.

పక్కింటావిడ తిరిగొచ్చింది. అత్తగారు ఇంటిపట్టునే ఉండసాగింది. ఒక ఆదివారం కోడలు గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతుంటే, వెనకగా వచ్చి కూర్చుని ఆమె జుట్టు విప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ కోడలి మీద చెయ్యి వేసింది లేదు. వేళ్ళు పాయ తర్వాత పాయ తీస్తూ, మాడు మీద ఏదో వెతుకుతూ, ఓపిగ్గా కదిలాయి. పెదాలు మెల్లగా చప్పుడు చేస్తున్నాయి. కోడలు లేచి వెళ్ళిపోదామనుకుంది. లేవలేదు. చేతిలో బట్ట పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఇంకాస్త వెనక్కి వాల్చింది.